అడుగు సొరుగు నల్లగానే ఉండాలి

మేడ్చల్ మండలం గుండ్లపోచంపల్లిలో నివసిస్తున్న, కీ.శే. యర్రంశెట్టి జోగారావు భార్య, రిటైరైన పత్రికా విలేకరి శేషారత్నం అనే నేను, అరవై ఏడో ఏట, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు గుండె జబ్బు ఉంది, మతిమరుపు లేదు. రాయమని ఎవరూ అడగలేదు, బెదిరించలేదు. ఇందులోని ఆస్తి అంతా నా స్వార్జితం. ఇంతకుముందు వేరే వీలునామా రాయలేదు.

1. నా మిత్రులు, న్యాయవాది పట్టాభిరామయ్య గారు దీన్ని అమలు జరపాలి. వాయిదాలు అడగడంలో ఆయన దిట్ట. ఈ ఒక్క పనిలో అడగవద్దని మనవి.

2. నేనుంటున్న ఇల్లు నా ఒక్కగానొక్క కొడుకు సుజిత్‌కు సర్వహక్కులతో చెందాలి.

3. నా ఎర్ర శాలువా కోడలు శ్రీదివ్యకు. రెండు చలికాలాలుగా అడగకుండానే కప్పుకుంటోంది. ఇకపై అడగనక్కర్లేదు.

4. గౌడవెల్లి దారిలోని చెక్క సామాను పాలిష్ షెడ్డు, దాని కింది స్థలం, పనిముట్లు, లక్క డబ్బాలతో సహా, గౌడవెల్లి వాస్తవ్యుడు మన్నాన్ భార్య తాహెరాకు చెందాలి. స్థలం నా పేరున ఉన్నా, 1999 నుంచి ఆ షెడ్డును నడిపింది మేమిద్దరం. ఈ కాగితం లేకపోతే అది సుజిత్‌కు పోతుంది. అతను గోదాము వాళ్లకు ఇస్తాడు. తాహెరా మళ్లీ ఫ్యాక్టరీలో దినకూలీకి పోవాలి. సుజిత్ అభ్యంతరం నాకు తెలుసు: “ఆవిడ మనకేమవుతుందమ్మా? షెడ్డు రాసిచ్చేస్తావా?” ఆ అభ్యంతరం వెనకున్న అసలు సంగతి కింద రాస్తున్నాను.

5. నేను ఉద్యోగకాలమంతా వార్తలు రాసుకున్న టేకు బల్ల సుజిత్‌కు.

వాస్తవాలు ఇవి. 2003లో నేను ఆసుపత్రిలో ఉన్నాను. వచ్చేసరికి బల్ల కొత్తగా కనిపించాలని సుజిత్ తనే పాలిష్ మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న కుర్చీకున్న తేనెరంగు దీనికీ తేవాలనుకున్నాడు. అది రాకపోయేసరికి చెక్కకు పట్టించే రంగు, స్టెయిన్, పూత మీద పూత పూశాడు. బల్ల నల్లబడింది. నేను ఇంటికొచ్చాక దాన్ని షెడ్డుకు తెస్తే, తాహెరా నా ఎదుటే చూసి, “సుజిత్ బాబూ, గిది మేజనా, హోటల్ల చాయ్ గిన్నెనా?” అంది. సుజిత్ విసురుగా వెళ్లిపోయాడు. మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు.

అతను వినకుండా పోయిన మిగతా మాట నేను విన్నాను. ఇక్కడ నమోదు చేస్తున్నాను: “నేను గూడ మొదట్ల మా అత్త పెట్టెను గిట్లనే ఖరాబు జేసిన. స్టెయిన్ జరంతనే పెట్టి గుడ్డతోని తుడవాలె. గా రంగు కింద ఉండదు బాబూ, పైన లక్కలకెల్లి వస్తది.”

పోయిన వేసవిలో తాహెరా పైపలక గీకి తేటపరిచింది. పలచగా స్టెయిన్ అద్ది తుడిచింది. ఇక స్పిరిట్‌లో నానిన లక్కను దూదిముద్దతో పూత మీద పూత వెయ్యాలి. ఒక్కో పూతకూ తేనెరంగు కొంచెం కొంచెం తేలుతుంది. ఆ పూతలు సుజిత్ చేత్తో పడాలని నేనే పని ఆపించాను. తాహెరా ఒప్పుకుంది. “రానియ్యక్కా, నేర్పిస్త. ఇగ నవ్వ,” అంది.

అడుగు సొరుగును మాత్రం ఆమెను ముట్టుకోనివ్వలేదు. సుజిత్ పూసినట్టే నల్లగా ఉంది. దాన్ని ఎవరూ గీకవద్దు, పాలిష్ పెట్టవద్దు. నేను బతికి ఇంటికి వస్తానని డాక్టర్లు చెప్పకముందే ఒకరు నమ్మారనడానికి నా దగ్గరున్న ఆధారం అదే.

6. బల్ల ఇప్పుడు షెడ్డులో ఉంది. సుజిత్ వెళ్లి తెచ్చుకోవాలి. ఇది షరతు కాదు. వెళ్లకపోయినా బల్ల అతనిదే, షెడ్డు తాహెరాదే. అయితే, వాన తేమలో పూస్తే లక్క తెల్లబారిపోతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకుని వెళ్లమని మాత్రం నా మాటగా చెప్పండి.

గుండ్లపోచంపల్లి, 2006 డిసెంబరు 11.

(సంతకం) యర్రంశెట్టి శేషారత్నం

ఆమె పైదంతా చదివి వినిపించి, మా కళ్లెదుట సంతకం చేసిన తరువాత మేం సంతకాలు చేశాం:

బాలనర్సయ్య, కోతమిల్లు, గౌడవెల్లి
బుల్లిబాబు, పక్కింటివారు