అందించొద్దన్న పేరు

...అందుకే నిన్న మధ్యలో ఆపేశానమ్మా. నాన్న మెట్లెక్కుతున్న చప్పుడైతే కాగితాలు విగ్గుల పెట్టెలో కుక్కేశా. మొదటి పేజీలో "మేమంతా బాగానే ఉన్నాం, మస్కట్ ఎండల్లో నువ్వెలా ఉన్నావో" అని రాశా కదా, దాన్ని కొట్టెయ్యట్లేదు. లెటర్ అంటే ముందు క్షేమం రాయాలంట, తాతయ్య చెప్పారు. అది నిజమో కాదో చివరిదాకా చదివి నువ్వే చూసుకో.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. వీడియో కాల్ అంటే నాన్న పక్కనే కూర్చుంటారు, నా ఫోన్ కూడా రోజూ చూస్తారు. పక్కింటి హేమ ఆంటీ ఆదివారం గన్నవరంలో ఫ్లైట్ ఎక్కుతున్నారు కదా, నీ ఆవకాయతో పాటు ఇది కూడా ఇస్తా. చదివాక చింపెయ్యి.

నువ్వడిగినవి ముందు చెప్తా. అన్నం టైముకే తింటున్నా. మ్యాథ్స్ పర్లేదు. జుట్టు కట్ చేయించలేదు, ప్రామిస్. తాతయ్య గురించి రెండు అడిగావు, వాటికి తర్వాత వస్తా.

ఇప్పుడు చల్లపల్లిలో ఉన్నాం, నాటకాల పోటీలకి. కల్యాణమండపం పైన ఒక గది ఇచ్చారు. సాయంత్రం మనదే ఫస్ట్ నాటిక. నాన్న పొద్దున్నుంచి కూర్చోలేదు. మినీ లారీలో సెట్టు తెస్తే తలుపు ఫ్రేము విరిగింది. గుంటూరు నుంచి రావాల్సిన లేడీ ఆర్టిస్ట్ ఇంకా బస్సులోనే ఉంది. లైట్స్ చూసే కిరీటి అంకుల్‌ని అందరి ముందూ "నీ కళ్లు సొంతవా, అద్దెకి తెచ్చుకున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నాన్న ఒకళ్లని తిడితే మిగతావాళ్లు నవ్వుతారమ్మా, ఇంకా వాళ్ల వంతు రాలేదు కదా అని. నన్ను మాత్రం తిట్టరు. నాతో మెల్లగా మాట్లాడతారు. నాకదే భయం.

నాటకంలో తాతయ్యది కాలవ లాకుల దగ్గర కాపలాదారు వేషం. ఎప్పుడో అలిగి వెళ్లిపోయిన కూతురు చివర్లో తిరిగొస్తుంది. ఆయన కూతుర్ని పేరు పెట్టి పిలిచి లోపలికి రమ్మంటారు, తెర పడుద్ది. నేను సైడ్ వింగ్‌లో నించుని డైలాగులు అందిస్తా. తెలుగు స్పీడ్‌గా చదవలేనని స్క్రిప్ట్ మొత్తం ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకున్నా. నవ్వకు.

మొన్న తెనాలిలో తాతయ్య ఆ పేరు దగ్గర ఆగిపోయారు. నా చేతిలో పేజీలు రెండు అతుక్కుపోయాయి. ఆయన నావైపు చూశారు. పెదాలు కదులుతున్నాయి కానీ మాట రావట్లేదు. గుంజ పట్టుకుని అట్టాగే నించున్నారు. హాల్లో ఒక్కళ్లూ దగ్గలేదు. తర్వాత ఒకటే క్లాప్స్. ఒక జడ్జి గారైతే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తాతయ్యకి బెస్ట్ యాక్టర్ ఇచ్చారు. అదేగా నీకు ఫొటో పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు తాతయ్య కార్లో షీల్డు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయారు. నాన్న అద్దంలో నన్ను చూసి, "ఇక ఆ పేరు అందించొద్దు," అన్నారు.

"మర్చిపోతారు కదా నాన్నా."

"మర్చిపోవాలి."

నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ చెప్పారు. "నువ్వు అందిస్తే ఆయన మామూలు ముసలాయన. అందించకపోతే మహానటుడు. మీ తాతకి ఏది ఇష్టమో నువ్వే చెప్పు."

ఏది ఇష్టమో నాకు తెలుసమ్మా. ఆ షీల్డుని ఆయన టవల్‌తో తుడుచుకోవడం నువ్వు చూడలేదు.

అప్పట్నుంచి ప్రతి రిహార్సల్‌కీ నాన్న నాటకంలో కూతురి పేరు మారుస్తున్నారు. ఒకసారి కొండలమ్మ, ఇంకోసారి పద్మావతి, తర్వాత నాగలక్ష్మి. "మావయ్యగారూ, ఈ పేరైతే ఇంకా బాగుంటదండీ," అంటారు నవ్వుతూ. తాతయ్యేమో "డైరెక్టరు నువ్వు, నీ ఇష్టం అల్లుడూ" అంటారు. ఆ పేరు గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా వల్లె వేసుకుంటారు. అది నోటికి రాగానే నాన్న మళ్లీ మార్చేస్తారు. ఫోన్‌లో తాతయ్య నిన్ను నాగలక్ష్మీ అని పిలిచారేంటి, నాటకం పిచ్చి ముదిరిందా అని నవ్వావు కదా. నువ్వడిగిన రెండిట్లో మొదటిది, అదీ సంగతి. నువ్వు నవ్వుతుంటే నాన్న కూడా నవ్వారు.

రెండోది, చెవులు. తాతయ్య చెవులు బానే ఉండేవిగా, మిషన్ ఎందుకు అన్నావు. బానే ఉన్నాయమ్మా. ఒకరోజు రిహార్సల్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఏంటమ్మలూ, అందించలేదూ?" అని అడిగారు. నాన్న అక్కడే ఉన్నారు. నేను "అందించాను తాతయ్యా, మీకే వినపడలేదు" అన్నా. అంతే. మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గర షాపుకెళ్లి మిషన్ పెట్టించుకొచ్చారు. నాకు సారీ కూడా చెప్పారు. "పాపం ఎన్నిసార్లు అందించి ఉంటావో" అని.

అమ్మకి చెప్తానన్నా నాన్నతో. "చెప్పు. వేషం తీసేసి హోమ్‌లో చేర్పిస్తా. పగలంతా ఇంట్లో ఆయన్ని ఎవరు చూస్తారు, మీ అమ్మ మస్కట్ నుంచి చూస్తుందా?" అన్నారు. అదీ మెల్లగానే.

ఇవాళ పొద్దున మళ్లీ మార్చారు. ఈసారి నీ పేరే పెట్టారమ్మా. తులసి. తాతయ్య ఎంత సంబరపడ్డారో. "హమ్మయ్య, మా అమ్మాయి పేరేగా! దీన్నెట్టా మర్చిపోతానయ్యా?" అని కిరీటి అంకుల్ వీపు మీద ఒక్కటిచ్చారు. నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన్నే చూస్తూ నించున్నారు, కొత్త లైటు వేసి చూసుకున్నట్టు.

నేను డిసైడ్ అయ్యా. తాతయ్య ఆగిపోతే సాయంత్రం అందించేస్తా. మైక్‌లో పడినా, మార్కులు పోయినా సరే. తర్వాత నాన్న ఏం చేసినా నువ్వు వచ్చెయ్యి, వస్తావు కదా

తలుపు కొడుతున్నారు.

తాతయ్యే. "తియ్యక్కర్లేదులే అమ్మలూ, అక్కణ్ణుంచే చెప్పు. ఆ కూతురి పేరేంటే? మన ఇంట్లో పేరేనంటగా... నోట్లోనే ఉంది. మిషన్ పెట్టుకున్నాలే, మెల్లగా చెప్పినా వినపడుద్ది."

చెప్పబోయానమ్మా. ఇంతలో ఆయన వెనకాల నాన్న గొంతు. "ఆగండాగండి మావయ్యగారూ! ఇప్పుడన్నారే, పేరేంటే అని, ఆ గొంతే. దాన్ని అట్టాగే ఉంచండి. సాయంత్రం నాకదే కావాలి. అక్షయా, నువ్వేం చెప్పకు."

చెప్పలేదు. ఇద్దరూ బయటే ఉన్నారు. కాగితాలు విగ్గుల కింద పెట్టేస్తున్నా.

ఇట్లు,
తులసి కూతురు