బయల్దేరేవాళ్లను అడగకూడని మాట

రొద్దం, శనివారం రాత్రి

గొర్రెలను దొడ్డికి తోలి వచ్చి కూర్చున్నానో లేదో, మనవరాలు హారిక కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకుంది. పై చదువుకు జర్మనీ పోవాలని దాని పట్టుదల. రేపు ధర్మవరంలో రైలెక్కాలి. సోమవారం వీసా ఇంటర్వ్యూ.

"తాతా, నువ్వే ఆఫీసరు. యాడికి పోతాండావు, ఎందుకు పోతాండావు అని అడుగు."

బయల్దేరే మనిషిని ఎక్కడికని ఎట్లా అడిగేది?

"ఈ ఆఫీసరు మూగోడు మాదిరి ఉండాడే" అని నవ్వింది.

లోపలి నుంచి మా ఆవిడ, "పెళ్లిచూపుల్లోనే మీ తాత నన్నొక్క మాట అడగలేదు. నిన్నేం అడుగుతాడు" అంది.

చివరికి అడిగాను. "చదువైనాక వస్తావా, ఆడనే ఉంటావా?"

అంతవరకూ నవ్విన పిల్ల తల వంచుకుంది. కాసేపటికి, "ఇదే అడుగుతారంట తాతా. జవాబు చెప్పకుండా ఇట్ల నిలిచిపోతే వీసా ఇయ్యరు. మళ్లీ అడుగు" అంది.

ఒళ్లు నొప్పులని చెప్పి లేచి వచ్చేశాను. నిజంగానే అలసటగా ఉంది. మళ్లీ అడిగితే వస్తాననే అంటుంది. అది ఆఫీసరుకు చెప్పినట్టో, నాకు చెప్పినట్టో...

రేపు రైలెక్కేటప్పుడు ఎట్లాగూ ఏమీ అడగకూడదు. అదే మేలు.