పురుగుల గదిలో నీ గొంతు

అన్నా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. కంప్యూటర్లో ఆఫీసు కోడు రాస్తూనే అమ్మకు పితికిపప్పు కూరకని అనపగింజలు పిసికిపెట్టేవాడివి. పట్టుపురుగుల గదికి సెన్సరూ నువ్వే పెట్టావు. వేడి మించితే అది నువ్వు రికార్డు చేసిన నీ గొంతుతోనే పిలిచేది: "మా, వేడెక్కువైండాది. కిటికీ తీయమ్మా!"

మన ఊరు సాదలిలో చలి మొదలయ్యాక అది పలకలేదు. నిన్న పట్టుగూళ్లు అమ్మేశాం. గది ఖాళీ. అయినా పొద్దున అమ్మ అక్కడ కుంపటి రాజేసింది.

"పురుగులే లేవు కదమ్మా, ఎవురికి కుంపటి?"

"నువ్వు ఊరికే ఉండు పాపా."

కాసేపటికి నువ్వు పిలిచావు. మళ్లీ మళ్లీ పిలిచావు. కిటికీ తీస్తే నీ గొంతు ఆగిపోతుందని అమ్మ కదల్లేదు. పొగకు నాకు దగ్గొచ్చాకే లేచింది.

"తీస్తాండానప్పా, అరవద్దు," అంటూ కిటికీ తీసింది.

నీ చెల్లి