పేపర్లో లేని మాట

1966 జూన్ 3
గొంతు మీది గడ్డ నిమ్మకాయంత అయింది. దవాఖానలో డాక్టరు నొక్కి చూశాడు. థైరాయిడ్ అట. పట్నం పోయి కోయించుకో, ఆలస్యమైతే ఊపిరికే అడ్డం, అన్నాడు. ఇరవయ్యో తేదీకని చీటీ రాశాడు. మా ఆయన సరేనన్నాడు.

జూన్ 6
రోజూలాగే మగ్గాల దగ్గర అందరికీ పేపరు చదివాను. వాడలో చదువొచ్చింది నాకొక్కదానికే. ఎక్కడో నడిసముద్రంలో దీవులు. అమెరికా దొరలు అణుబాంబు పేల్చి చూసుకున్నారట. తెల్లటి బూడిద కురిస్తే పిల్లలు అందులో ఆడుకున్నారట. పదేళ్లు దాటాక ఇప్పుడు వాళ్ల గొంతుల్లో గడ్డలు. పేల్చినవాళ్ల డాక్టర్లే ఏటేటా వచ్చి మెడలు తడిమి, రాసుకుని పోతారట. కడుపు మండింది. గట్టిగా చదివాను... అయ్యేసరికి మగ్గాలన్నీ ఆగాయి. అందరూ నా మెడకేసే చూస్తున్నారు.

జూన్ 8
నాది బాంబు రోగమట. అంటుతుందట.

జూన్ 9
పొద్దున్నే మగ్గానికెక్కించే నిలువు పోగులు, పడుగు, వీధిలో సాగదీశాం. గంజి పెట్టేటప్పుడు పిలవకుండానే పది చేతులు రావాలి, ఏ ఇంటి పడుగైనా అంతే. ఒక్కరూ రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం కుంచెలతో ఎంతని రుద్దుతాం — ఎండెక్కింది, పోగులు అతుక్కుపోయాయి, పడుగంతా పాడు. ఎదురింటి లక్ష్మమ్మక్క, నాకు పురుడు పోసిన మనిషి, తలుపు దగ్గరగా వేసుకుంది. "సదువేస్తే ఉన్న మతి పోయిందంటే గిదే" అంది అత్తమ్మ. ఏడ్చాను.

జూన్ 12
అబద్ధం చదివాను. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని — దీవుల సంగతి తప్పని తేలింది, గొంతు గడ్డ అంటేది కాదు, దానంతటదే కరుగుతుంది — అని. ఆ చివరి మాట ఎందుకు కలిపానో. నోరు మొదలుపెట్టాక ఆగలేదు.

జూన్ 15
కొత్త పడుగుకి పన్నెండు మంది వచ్చారు. లక్ష్మమ్మక్క నా పక్కనే నిలబడి కుంచె పట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదట!

జూన్ 18
పట్నానికి బట్టలు సర్దితే అత్తమ్మ మూట విప్పేసింది. "పేపర్లనే ఏసిండ్రు గద, కరుగుతదని. నువ్వే సదివితివి. ఇంక మెడ కోపిచ్చుకునుడెందుకు?" ఆయన వైపు చూశాను. జర ఆగి చూద్దామన్నాడు. ఆయనా విన్నాడు కదా ఆ రోజు.

జూన్ 19
నిజం చెబితే మా పడుగు మళ్లీ ఎవరూ ముట్టరు. చెప్పకపోతే... ఇవాళ అన్నం ముద్ద నీళ్లతో తోస్తేగాని దిగలేదు. రేపు ఆరింటికి రామన్నపేటలో పట్నం బస్సు.
సాయంత్రం లక్ష్మమ్మక్క కూతుర్ని తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. పిల్ల మెడ మీద శనగగింజంత గడ్డ. ఆ పన్నెండో తేదీ పేపరు దాచుకుందట, తీసి నా చేతికిచ్చింది.
"గా కరుగుతదన్న ముక్క మల్లొకపారి సదువు, పిల్లా. ఇది సుత వింటది."