నడుము బెల్టు

చెల్లీ,

ఆపరేషన్ అయింది, కులాసాగానే ఉన్నాను. ఇల్లు నీకు అప్పగించి వచ్చాను కాబట్టి ఆ బెంగ లేదు. వీపు మీద చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టంలోంచి నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసేశారు. కాల్లోకి పాకే నొప్పి పోయింది. మర్నాడే నడిపించారు.

కొన్నాళ్లు నడుముకు బెల్టు కట్టుకోవాలి. నర్సమ్మ దాన్ని తెచ్చి, "ఇంటి దగ్గర కట్టేదెవరండీ? వాళ్లకి నేర్పిస్తాను" అంది. "మా ఆవిడ. సాయంత్రం వస్తుంది" అన్నాను. నోటికి అలా వచ్చేసింది. సాయంత్రం డ్యూటీ అయిపోయినా నర్సమ్మ వెళ్లలేదు, బెల్టు పట్టుకుని కూర్చుంది. పక్క మంచం మీది టైలరు, "ఏంటి మాస్టారూ, మేడమ్ గారు అలిగారా? ఫోన్ చేసి బతిమాలుకోండి" అని నవ్వాడు. అప్పుడు చెప్పాను, ఆమె పోయి ఏడాదైందని. నర్సమ్మ, "మరి ఎవరికి నేర్పించమంటారు?" అంది. మా చెల్లెలికి అన్నాను.

గురువారం పంపిస్తారు. బావగారి వీలు చూసుకుని ఇద్దరూ రండి. నా చదువుకునే కళ్లజోడు తీసుకురా. మేడ మీద ట్యాంకు కారడం ఆగిందా?

ఇకమీదట కింద పడుకోకూడదట. మీ వదిన పోయాక నేను హాల్లో చాప మీదే పడుకుంటున్నాను కదా. బయలుదేరే ముందు గదిలో మా మంచం దులిపి పక్క వెయ్యి. దిండ్లు రెండూ వెయ్యి.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

అన్నయ్య