చెల్లి పళ్ళు గట్టిపడ్డాయి

అమ్మా,

నువ్వు పోయాక చెల్లి చిగుళ్ళు కూడా నీవాటిలాగే వాచి, ముందుపళ్ళు కదిలాయి. "నావి గూడ అమ్మ లెక్కనే ఊడుతయా అక్కా?" అని ఏడుస్తుంటే గద్వాల దవాఖానకు తీసుకెళ్ళాను.

పళ్ళ డాక్టరమ్మ చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేసి గోలీలు రాసింది. "ఎంత తోముకున్నా కొందరికి గిట్లయితది. క్రిములను చంపనీకి వచ్చిన రక్షణ కణాలే రెచ్చిపోయి పంటి కింది ఎముకను తింటయి. గీ గోలీలు వాటి దూకుడు తగ్గిస్తయి," అని చెప్పింది.

నిన్న మళ్ళీ చూసి, "ఇగ పరేషాన్ గాకు, పండ్లు గట్టిపడ్డయి," అంది. చెల్లి బస్టాండులోనే జామకాయ కొరికి నవ్వింది.

నోరు శుభ్రంగా ఉంచుకోవని పెద్దమ్మ నిన్ను అందరిలో అనేది. నువ్వు పెళ్ళిళ్ళలో దూరంగా కూర్చునేదానివి. ఎంత తోముకున్నా కొందరికి అలా అవుతుందన్న డాక్టరమ్మ మాట నిన్న సాయంత్రం ఆమెకు చెప్పాను.

"అయ్యో, నా చెల్లెను ఉత్తపుణ్యానికే అంటినే," అని కళ్ళు తుడుచుకుంది.