బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్

ఏమండీ,

పోయిన వారం కొత్త కారు వచ్చింది. మీరు రెండేళ్లు వీడియోలు చూసి మనసు పడ్డ, కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కాదు, మామూలు పెట్రోలుది.

షోరూములో సేల్స్‌మన్ మన తెలుగతనే. "ఆఫీసుకి పోయొచ్చేదానికి కరెంటే చాలు మేడమ్. మీ బేస్‌మెంట్‌లోనే ప్లగ్ పాయింట్ పెట్టించేస్తాం" అన్నాడు.

"నాన్నకి ఇదే ఇష్టం కదమ్మా" అంది అమ్మాయి.

ఛార్జింగ్ పెట్టడానికి రోజూ ఎవరో ఒకరు ఆ బేస్‌మెంట్‌లోకి దిగాలి. పెట్రోలుదైతే వీధిలోనే వదిలేయొచ్చు. పెట్రోలుదే బుక్ చేయమన్నాను.

పోయినేడు తుపాను రోజు మన షోళింగనల్లూరులో అందరూ కార్లు ఫ్లైఓవర్ మీదికి చేర్చేశారు. మనదొక్కటే బేస్‌మెంట్‌లో మిగిలిందని మిమ్మల్ని తొందరపెట్టింది నేనే. "పది నిమిషాల్లో వస్తా, కాఫీ కలుపు" అని తాళాలు తీసుకుని దిగారు. గేటు దగ్గర పేర్చిన ఇసుక బస్తాలు కొట్టుకుపోయి, వీధిలో నీళ్లన్నీ ఒక్కసారిగా బేస్‌మెంట్‌లోకి వచ్చిపడ్డాయి. నీళ్లు తోడాక మిమ్మల్ని పైకి తెచ్చారు. తాళాలు మీ చేతిలోనే ఉన్నాయి.

ఈ రోజు మళ్లీ తుపాను హెచ్చరిక. పొద్దున్నే వాచ్‌మన్ మునుసామి పైకొచ్చి తలుపు తట్టాడు.

"అమ్మా, అందరూ బండ్లు ఫ్లైఓవర్ మీద పెట్టేసినారు. మీదొకటే వీధిలో నిలబడి ఉండాది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసినాయి. తాళం ఇయ్యండి, నేను పెట్టేసొస్తా."

ఇవ్వలేదు. మునిగితే మునగనీ అన్నాను. అతను మళ్లీ కిందికి దిగబోతుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టి, కాఫీ కలిపి ఇచ్చాను. అతను చివరి గుక్క తాగేదాకా ఎదురుగానే నిలబడ్డాను.